గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి

మా పత్రికలో చివరి పేజీ సాయంత్రం ఐదున్నరకు మూసేస్తారు. లోకంలో జరగాల్సినవన్నీ పనిగట్టుకుని ఐదింటికే జరుగుతాయి. అందుకే పద్దెనిమిదేళ్లుగా నేను ప్రతి పెద్ద వార్తకీ రెండు కాలమ్‌లు ముందే రాసిపెడతాను. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. మంత్రిగారు సభలో నెగ్గితే ఆయన కుర్చీకి పూసిన జిగురును మెచ్చుకునేది ఒకటి, పడిపోతే ఆ జిగురును తిట్టేది ఇంకొకటి. రాకెట్లకీ, కొత్త ఫోన్లకీ, కంపెనీల విలీనాలకీ ఇదే పద్ధతి. డెస్క్ ఇన్‌ఛార్జ్ ఫలితం చూసి సరిపోయేది పేజీలో పెడతాడు, రెండోది చెత్తబుట్టలో వేస్తాడు. 'ఈవిడ బుర్ర ఎంత చురుకో' అని పాఠకులు ఉత్తరాలు రాస్తారు. ఆ పొగడ్త పుచ్చుకోవడానికి నాకెప్పుడూ మొహమాటం వేయలేదు.

ఆ రోజు వార్త ఒక మాత్ర గురించి. చేతుల వణుకు తగ్గించే కొత్త మందును ఓ కంపెనీ ఎనిమిది వందల మంది మీద ఏడాదిపాటు పరీక్షించింది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగులో మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది దక్కిందో వాళ్లకే తెలియదు. ఫలితం ఐదు గంటలకు ప్రకటిస్తామన్నారు. ఆ ఎనిమిది వందల మందిలో మా అక్క ఒకతి.

అక్క టైలరు. ఆఫీసుకు రెండు వీధుల అవతల ఆమె షాపు. కుడిచేయి వణకడం మొదలయ్యాక కత్తిరింపులు మానేసి, చిన్న చిన్న రిపేర్లతో నెట్టుకొస్తోంది. నాలుగు నెలలుగా వణుకు తగ్గిందంటుంది. "మాత్ర పనిచేస్తోందే మిరపకాయా, నీ కళ్లతో చూడు" అని చేయి చాపుతుంది. నేను చూస్తాను. ఒకరోజు తగ్గినట్టుంటుంది, ఒకరోజు ఉండదు. ఇంతలో ఓ స్కూలు వాళ్లు రెండు వందల యూనిఫాంలు కుట్టమని వచ్చారు. ఒప్పుకుంటే నెలన్నరలో ఇచ్చి తీరాలి. పిల్లల బడి తెరిచే రోజును వాయిదా వేయమని ఎవరూ అడగలేరు కదా. "ఫలితం చూసి చెప్తానన్నాను. సాయంత్రం వాళ్ల క్లర్కమ్మ వస్తుంది. ఆవిడ వచ్చేలోపు నువ్వు ఆ కంపెనీ కాగితం చదివి, అవునో కాదో చెప్పు" అంది అక్క పొద్దున్నే ఫోన్ చేసి.

ఓడిపోతే వేయాల్సిన కాలమ్ ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. 'మాత్ర వేసుకున్నవాళ్ల చేతులు వణకడం ఆగలేదు గానీ, షేర్లు కొన్నవాళ్ల చేతులు కొత్తగా వణుకుతున్నాయి' అని మొదలుపెట్టాను. పరుగులు తీసింది. గెలిస్తే వేయాల్సింది మాత్రం మధ్యాహ్నం దాకా రాలేదు. ఎంత గింజుకున్నా ఒక్క చమత్కారం తట్టదు. పద్దెనిమిదేళ్లలో ఎవడైనా బోర్లా పడితేనే నాకు మాటలు వచ్చాయని అప్పుడు తెలిసొచ్చింది. నా మీద నాకే చిరాకేసింది. చివరికి ఏదో గిలికి, రెండూ డెస్క్‌కి పంపాను.

ఆ తర్వాత కాలు కాలిన పిల్లిలా తిరగడమే పని. మూడుసార్లు టీ తెచ్చుకుని మూడుసార్లూ చల్లార్చాను. కిటికీ తెరిచాను, మూశాను. టీవీలో ఓ నాయకుడు రోడ్డు మీద గుంతలు కనిపెట్టే యాప్ ప్రారంభిస్తున్నాడు. గుంతలో పడ్డవాడికి యాప్ ఎందుకయ్యా అనుకున్నాను, అలవాటు కొద్దీ. ఆ మాట రాసుకోవడానికి కూడా చేతికి పెన్ను రాలేదు.

ఐదుకి ఇంకా ఐదు నిమిషాలుండగానే ప్రకటన వచ్చేసింది. మొదటి పేరా నిండా కృతజ్ఞతలు. రెండో పేరాలో, 'ప్రధాన లక్ష్యంలో గణాంకపరమైన తేడా కనిపించనప్పటికీ, కొన్ని ఉపవర్గాల్లో ఆశాజనకమైన ధోరణిని గమనించాం'. ఈ భాష నాకు కొట్టినపిండి. ఉద్యోగులను తీసేస్తే పునర్‌వ్యవస్థీకరణ, నష్టం వస్తే పెట్టుబడి దశ, మంత్రిని తప్పిస్తే పార్టీ సేవకు వినియోగం. కర్ర విరగకుండా పాము చావకుండా చెప్పే ఇలాంటి వాక్యంలో అసలు సంగతి ఎప్పుడూ 'నప్పటికీ'కి ముందే ఉంటుంది. మందు పనిచేయలేదు. అసలు మాత్రకీ ఉత్తి మాత్రకీ తేడా లేదు.

వెంటనే అక్క ఫోను.

"ఆశాజనకం అన్నారటే! టీవీలో కింద గీతలో వస్తోంది. మంచిదేగా?"

గొంతులో ఆ సంబరం విని నాకు నోరు పెగల్లేదు. పెగిలింది, కానీ అందులోంచి వచ్చింది నా వృత్తి. "కంపెనీల మాటకు అర్థం కంపెనీలకే తెలియదక్కా. ఆశ వాళ్లది, జనకం మనది" అన్నాను.

అక్క పకపకా నవ్వింది. "నీ మొహం! నువ్వు జోకులేస్తున్నావంటే భయం లేదన్నమాట. ఇదుగో, క్లర్కమ్మ వచ్చేసింది, ఉంటా" అని పెట్టేసింది.

ఒక్క ముక్క చెప్పడానికి నీళ్లు నమిలాను. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బ్యాగు అందుకుని బయల్దేరబోతూ డెస్క్ వైపు చూద్దును గదా, ఇన్‌ఛార్జ్ తెర మీద నా గెలుపు కాలమ్ కూర్చుని ఉంది.

"అది కాదు బాబూ! ఓడిపోయింది."

"ఆశాజనకం అని ఉంది కదా మేడమ్?" అన్నాడు అతను. పదకొండేళ్లుగా వార్తలు దిద్దుతున్న మనిషి. అతనే అలా చదివితే టైలరు ఎలా చదువుతుంది? మిగతా ఏడు వందల తొంభై తొమ్మిది మంది ఎలా చదువుతారు?

"అయితే రెండోది పెట్టేస్తా. ఆ షేర్ల జోకు బాగుంది" అని అతను మౌస్ కదిపాడు.

ఆ కాలమ్ తెర మీదికి వచ్చింది. వణికే చేతుల మీద నేను పొద్దున రాసిన వాక్యం నన్నే చూసింది. "అదీ వద్దు" అన్నాను.

"మూడోది ఉందా?"

"లెయ్యి, ఐదు నిమిషాలు."

అతని కుర్చీలోనే కూర్చుని కొట్టాను. 'ఈ మందు పనిచేయలేదు. అసలు మాత్ర వేసుకున్నవారికీ ఉత్తి మాత్ర వేసుకున్నవారికీ తేడా కనిపించలేదు. కంపెనీ ప్రకటనకు అర్థం ఇంతే. దీన్ని నమ్ముకుని ఎవరూ ఏ పనికీ మాట ఇవ్వకండి. మాత్రల సంగతి మీ డాక్టరును అడగండి.' అంతటితో ఆపాను. కింద జానెడు ఖాళీ మిగిలింది.

అతను నిలబడే చదివాడు. "నవ్వు ఎక్కడుంది మేడమ్?"

"లేదు."

"ఒక మాట చెప్పనా? మీ కాలమ్ నాకు ఒక్కసారి చదవగానే అర్థమవడం ఇదే మొదలు" అని, ఖాళీలో ఏదో బొమ్మ వేసి పేజీ వదిలేశాడు. అతను తిట్టాడో మెచ్చుకున్నాడో తేల్చుకునే తీరిక నాకు లేదు. రేపు పొద్దున అక్క ఈ ముక్క పేపర్లో చదవకూడదు, ఊరందరితో పాటు. మెట్లు దిగి దాదాపు పరిగెత్తాను.

షాపులో దీపాలన్నీ వేసి ఉన్నాయి. నెలల తరబడి రిపేరు బట్టలతో నిండిన కటింగ్ బల్ల ఖాళీ చేసి, శుభ్రంగా తుడిచి ఉంది. క్లర్కమ్మ టీ తాగుతూ తరగతుల వారీగా పిల్లల లెక్క చదువుతోంది. అక్క మెడలో టేపు వేసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసుకుంటోంది.

"రావే, సమయానికొచ్చావు. ఆరో తరగతి దాకా అయింది."

"అక్కా, ఆ మందు పనిచేయలేదు."

అక్క తలెత్తి నా మొహంలోకి చూసింది. నేను మాట అన్నాక తోక ఒకటి తగిలిస్తానని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ తోక కోసం ఎదురుచూసింది. పెదవుల మీద నవ్వు సిద్ధంగానే ఉంది. క్లర్కమ్మ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఇంకా?" అంది అక్క.

"ఇంకేం లేదక్కా. పనిచేయలేదు. ఇందాకే తెలుసు నాకు. ఫోన్‌లో చెప్పలేకపోయాను."

అక్క పెన్ను బల్ల మీద పెట్టింది. అది దొర్లకుండా వేలితో ఆపబోయింది, ఆగలేదు, కింద పడింది. వంగి తీసుకోలేదు. క్లర్కమ్మ వైపు తిరిగి, "ఏమనుకోకండి మేడమ్, ఇంకెవరినైనా చూసుకోండి. నాకు కుదరదు" అంది. గొంతు ఏమాత్రం వణకలేదు.

ఆవిడ కాగితాలు సర్దుకుంటూంటే అక్క నాతో, "ఈ ముక్క అరగంట ముందు చెప్తే ఆవిడకి టీ ఖర్చయినా మిగిలేది కదే" అంది.

నాకు ఏడుపొచ్చింది. నవ్వింది అక్క ఒక్కతే.