ఇస్త్రీపెట్టెకు అంటిన రేగుపండ్ల జామ్

అనితను హాస్టల్ నుంచి వెళ్లగొట్టింది ఓనర్ మేడం ఒక్కతే కాదు. మీరంతా! ఆ పిల్ల చేసి పెట్టినవి తిని, మూతి తుడుచుకుని, ఆ సాయంత్రం హాల్లో గోడలు చూస్తూ నిలబడ్డ మీరంతా. అందులో మొదటి దోషిని నేను, మనీషను.

అశోక్‌నగర్‌లో మన హాస్టల్ టిఫిన్ తొమ్మిదింటికి. కోచింగ్ క్లాసు ఆరున్నరకు. దీని మీద నేను మేడంతో మూడుసార్లు కొట్లాడాను. ఏమీ కాలేదు. అనిత కొట్లాడలేదు. వాళ్లమ్మ మాసమ్మ రేగుపండ్లు బెల్లంతో ఉడికించి, గింజలు తీసి, డబ్బాలో పోసి పంపేది. అనిత మైదాలో వెన్న కలిపి పల్చగా ఒత్తి, మధ్యలో చెంచాడు ఆ జామ్ పెట్టి మడిచి, కొత్త దువ్వెన పళ్లతో అంచులు నొక్కేది. ఫాయిల్ చుట్టి, హాల్లోని ఇస్త్రీపెట్టెతో అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు కాల్చేది. హాస్టల్లో పొయ్యి పెట్టకూడదు గానీ ఇస్త్రీ చేసుకోవచ్చు కదా.

ధర్నా రోజు పొద్దున కాల్చే వంతు నాది.

"అక్కా, జర మెల్లగ ఒత్తు. పగిల్తే జామ్ బయటికొస్తది."

"పోలీసుల బారికేడ్లనే తోసిన. నాకు చెప్తున్నవా?"

"గందుకే భయమైతుంది."

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర నిరుద్యోగుల ధర్నాకు టైమవుతోంది. గట్టిగా ఒత్తాను. ఫాయిల్ చిరిగింది. జామ్ ఇస్త్రీపెట్టె అడుగున మాడి అతుక్కుంది.

"తుడువు అక్కా," అంది అనిత క్లాసుకు పోతూ.

"తుడుస్త, నువ్వు పో."

తుడవలేదు. నా వంతుది తినకుండానే ఉరికాను.

మధ్యాహ్నం మేడం చుట్టాల పెళ్లికి కట్టుకోవాల్సిన గంధం రంగు పట్టుచీరను అదే ఇస్త్రీపెట్టెతో రుద్దింది. కొంగు మీద అరచేతంత నల్ల మరక పడింది.

సాయంత్రం అందరినీ నిలబెట్టింది. అనిత మంచం కింద దొరికిన జామ్ డబ్బా తెచ్చి ముందర పెట్టింది.

"ఇస్త్రీపెట్టె మీద వంటేంది? ఎవరు చేసిన్రు?"

అనిత ఒక్కసారి నా వైపు చూసింది. మైకు లేకుండా నాలుగు గల్లీలకు వినిపించే గొంతు నాది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

"నేనే మేడం," అంది అనిత.

"పొద్దుగాల మంచం ఖాళీ జెయ్యి."

"తొమ్మిది రోజులల్ల పరీక్ష ఉంది మేడం."

"గా సంగతి ముందే ఆలోచన చెయ్యాలె."

పక్కనున్న జ్యోత్స్న మోచేత్తో పొడిచింది. "చెప్పక్కా."

"నువ్వే చెప్పు," అన్నాను. ఇద్దరం చెప్పలేదు.

పొద్దున్నే అనిత బ్యాగు భుజాన వేసుకుని అంబర్‌పేట్‌లో వాళ్ల చిన్నమ్మ ఇంటికి పోయింది. అక్కడ ఒక్కటే గది, ఆరుగురు మనుషులు, ఆగని టీవీ. నా పుస్తకాల వెనక ఫాయిల్ పొట్లం దొరికింది. ధర్నా రోజు నాకోసం దాచినది. అంచున దువ్వెన పళ్ల గీతలు తిన్నగా ఉన్నాయి. ఆకలేసింది. తినేశాను. ఆ తర్వాత నాకు ముద్ద దిగడం లేదని రాస్తే అది అబద్ధం. దిగుతోంది. అందుకే అద్దంలో ముఖం చూసుకోలేకపోతున్నాను.

నిన్న అనితకు ఫోన్ చేశాను. టీవీ మోతలోంచి అరిచింది: "చదువుతున్న అక్కా! పొద్దుగాల ఏమన్న తింటున్నవా?"

ఫోన్ పెట్టేశాను.

పరీక్షకు ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ మంచం ఖాళీగానే ఉంది. రేపు ఏడింటికి మేడం తలుపు కొట్టి, చీర పాడైంది నా వల్లనే అని చెబుతున్నాను. తిన్నవాళ్లంతా క్లాసు మానుకుని నా పక్కన నిలబడండి. 'మేమూ తిన్నాం' అని నోరు తెరిచి చెప్పండి. ఒకరి మంచం పోవాల్సిందే అంటే నాది ఖాళీ చేయించండి. అనితను మాత్రం రేపటికి రేపే తీసుకురండి.