మూరెడు కిందికి దిగిన గీత

తడి దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టాలి. ఎనిమిది రోజులుగా ఆ కొసను గుంజకు కట్టి పిండుతున్నాను. గుంజ మంచిదే, పని ఎగ్గొట్టదు. కానీ నా జోకులకు నవ్వదు. ఇంతకుముందు ఆ కొస పట్టుకునే పీరాంబీ నవ్వేది.

మా వైపు సర్ఫ్ అంటే బట్టలకు పట్టించేది. మా ఆయన మార్కండేయ కర్ణాటక సముద్రం ఒడ్డున పదేళ్లు పనిచేసి వచ్చి, కాదు, పలక వేసుకుని అలల మీద నిలబడేది అన్నాడు. కుందుర్పి దగ్గర ఎవరో వదిలేసిన రాళ్ల క్వారీ గుంతలో వాననీళ్లు నిలిచి ఉంటే, వాటిలో మోటారుతో అలలు పుట్టించి సర్ఫ్ రిసార్టు పెట్టాడు. అలలు ఆయనవి, నురగ నాది. అలలు అతిథులకు, అలుపు నాకు, అలక మా అత్తకు. బోర్డు మీద ‘సుస్థిర పర్యాటకం’ అని రాయించాడు. సుస్థిరం ఆయనది, సుస్తీ నాది. పేరుకు త్రివేణిని, మూడు నదులదాన్ని. కాళ్లు మాత్రం ఎప్పుడూ సబ్బునీళ్లలోనే.

ఊరి ఆడవాళ్లు పన్నెండుమందికి పని ఇచ్చాం, అది నిజం. పదమూడోదాన్ని నేను. నా జీతం మాటెత్తితే మార్కండేయ, “నీ రిసార్టులో నీకు నువ్వే జీతమిచ్చుకుంటావా, ఏం మనిషివే!” అన్నాడు. నడుము నొప్పి అంటే మా అత్త ఆంజినమ్మ, “నీళ్ల మీద ఎగిరేటోళ్లకు రాని నొప్పి నీకెందుకొస్తాదే?” అంది. రెండుసార్లూ నేను ఏదో జోకు వేశాను, అందరూ నవ్వారు. నవ్వించేదానికి నొప్పి ఉంటుందని ఎవరూ అనుకోరు. కొన్నాళ్లకు నేనూ అనుకోవడం మానేశాను.

ఒక్కటి మాత్రం నాది. మొదట్లో ఊరివాళ్లు రిసార్టుకు ఒప్పుకోలేదు. గొర్లున్న పీరాంబీ అందరి ముందూ లేచి, “ఎండాకాలం నీళ్లు తగ్గితే మా గొర్లు ఏం తాగల్లప్పా, మీ అలలా?” అని అడిగింది. అప్పుడు నేనన్నాను, గుంత గోడకు ఎర్ర గీత గీద్దామని. నీళ్లు గీత కిందికి దిగిన రోజు అలలు ఆపాలి, నీళ్లు ఊరి తొట్టికి తిప్పాలి. నిచ్చెన పీరాంబీ పట్టుకుంది, గీత నేను గీశాను. మరుసటి రోజే తను నాతో ఉతుకు పనిలో చేరింది. ఆ గీత తన ఐడియా అని మార్కండేయ అతిథులకు చెప్పేవాడు. చెప్పుకోనీలే అనుకున్నాను.

ఈ ఏడు వాన ముఖం చాటేసింది. నీళ్లు గీత కిందికి దిగాయి. బెంగళూరు నుంచి పెద్ద గుంపు వచ్చే ముందు.

“మూరెడు కిందికి దించు త్రివేణీ. నువ్వు గీసిందే కదా, నువ్వు దించితే తప్పేముండాది? వాన రానే వస్తాది,” అన్నాడు మార్కండేయ. ఆయన బ్రష్ ముట్టుకోలేదు, రంగు డబ్బా మాత్రం నాకు అందించాడు. నేను పాత గీత మీద సిమెంటు పూసి, కింద కొత్తది గీశాను.

వెనక్కి తిరిగితే పీరాంబీ, చంకలో తడి దుప్పట్లతో.

“ఏందక్కా, నీళ్లు తగ్గితే గీత గూడా తగ్గుతాదా?”

నిజం చెప్పాల్సింది అప్పుడే. నేను జోకు వేశాను. “గీతకూ దప్పికైంది పీరాంబీ, నీళ్లకాడికి దిగింది.”

తను నవ్వలేదు. “నవ్వేకి నీకు మా గొర్లే దొరికినాయా అక్కా?” అని, దుప్పట్లు రాయి మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఊరి తొట్టి ఎండిపోయి, గొర్లను గుట్ట అవతలికి తోలుకుపోతోందట.

ధర్మవరంలో మా నాయన మగ్గం మీద ఒక్క పోగు తప్పినా, ఆ తప్పు దాకా నేసిందంతా ఊడదీసేవాడు. ఎవరు చూస్తారు నాయనా అంటే, “కట్టుకునే ఆయమ్మకు తెల్దు, నాకు తెలుసు గదమ్మా,” అనేవాడు. నాకు ఎనిమిది రోజులుగా తెలుసు.

ఈ ఉదయం దుప్పటి పిండుతుంటే గట్టు మీద మార్కండేయ గొంతు వినిపించింది. కొత్త గుంపుకు నా గీత చూపిస్తున్నాడు. “మేం ఈ గీత దాటం. మాకు ఊరు ముఖ్యం.”

దుప్పటిని గుంజకే వదిలేసి మోటారు గదిలోకి వెళ్లాను. అలల స్విచ్ ఆపాను. తొట్టికి పోయే పైపు వాల్వు తిప్పాను. సగం లేచిన అల అక్కడే చతికిలబడింది. పలకల మీదున్నవాళ్లు నీళ్లలో పడ్డారు.

“ఏమాయ త్రివేణీ? కరెంటు పాయనా?” గట్టు మీంచి మార్కండేయ అరిచాడు.

“కరెంటుండాది. నీళ్లే గీత కింద ఉండాయి. అసలు గీత నేనే చెరిపినా.”

వచ్చినప్పటి నుంచి నా మాటలకు నవ్వుతున్న అతిథులు దీనికీ నవ్వారు. నేను నవ్వలేదని తెలియడానికి వాళ్లకు కాసేపు పట్టింది. మార్కండేయకు పట్టలేదు.

ఎర్ర రంగు డబ్బా తీసుకున్నాను. నిచ్చెనకూ ఇద్దరు కావాలి. ఒక్కదాన్నే ఎక్కాను, ఊగుతూనే గీశాను. పాత చోటే, కానీ వంకరగా వచ్చింది.