ఇనుము కడుపులో గాలి

మా దళానికి దేవుడు లేడు. ఆ సంగతి దళనాయకుడు ముత్తయ్యన్న సందు దొరికినప్పుడల్లా గుర్తు చేసేవాడు. తీరా దసరా వచ్చేసరికి తుపాకులు కడిగి జమ్మి కింద పెట్టకుండా ఉండడం ఎవరి వల్లా కాలేదు. నిజాం మీద తిరగబడ్డ వాళ్ళమే గానీ తాతల నాటి అలవాటు దగ్గరికొచ్చేసరికి అందరం పిల్లులమే. ముత్తయ్యన్న జమ్మి వైపు వీపు పెట్టి నిలబడి, "నేనేం చూస్తలేను, జల్ది కానియ్యుండ్రి" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. దసరాకు ముందు వానాకాలమంతా తుపాకులను గడ్డివాములో దాచాం. దొర గడీ నుంచి గుంజుకొచ్చిన భర్మార్లవి, మందు దట్టించి కాల్చే పాత సరుకు. పూజకని బయటికి తీస్తే ఒళ్ళంతా తుప్పు. మరునాడు కొడకండ్లలో సభ. జనం ముందు తుప్పు తుపాకులతో నిలబడితే పరువేం కావాలని ముత్తయ్యన్న బాధ. లింగాల ఘనపూర్‌లో నగలు చేసే అవుసులాయన దగ్గర నుంచి తేజాబు అనే యాసిడ్ సీసా తెప్పించి, తుపాకుల లోపలి ఇనుప సామానంతా ఊడదీయించి, నీళ్ళు కలిపిన తేజాబులో నానబెట్టించాడు. తెల్లారి తీస్తే ధగధగ మెరిశాయి. సభలో జనం చప్పట్లు కొడుతుంటే ముత్తయ్యన్న తుపాకీని కొత్త అల్లుడిలా తిప్పి తిప్పి చూపించాడు.

ఆ మరునాడే రజాకార్లు వాగు దాటుతున్నారని కబురొచ్చింది. వెళ్ళి పొదల్లో కూర్చుని, తుపాకుల గుర్రాలు, అంటే మందును పేల్చే చిన్న సుత్తులు, వెనక్కి లాగి పట్టుకున్నాం. గుర్రాన్ని ముందుకు కొట్టించేది లోపలుండే కమాను, అంటే వంచిన ఉక్కు స్ప్రింగు. రజాకార్లు ఇంకా వాగు మధ్యలో ఉండగానే మా చేతుల్లో టప్పుమంది ఒకటి. వెంటనే ఇంకొకటి. ఎవరూ ఏమీ చేయకుండానే కమాన్లు వాటంతటవే విరిగిపోయాయి. ఇక మిగిలింది కాళ్ళకు పని చెప్పడమే. అందరికంటే వెనక ముత్తయ్యన్న పరుగెత్తాడు, అది నిజంగా ధైర్యమే. ఆ ధైర్యానికి ఫలితంగా ఆయన పిర్రలో రజాకార్ల తుపాకీ రవ్వలు దిగాయి.

అడవికి చేరాక, బోర్లా పడుకునే ముత్తయ్యన్న విచారణ మొదలుపెట్టాడు. కమాన్లు చేసింది ఎవరు? కమ్మరి ఉప్పలయ్య. ఉప్పలయ్య సొంత అన్న ఎక్కడ పని చేస్తున్నాడు? దొర గడీలో. ఇంకేం కావాలి? ఉప్పలయ్యను తెచ్చి ఇప్పచెట్టుకు కట్టేశారు.

"అన్నా, ఎండకాలం చేసిన కమాన్లు. ఇన్ని దినాలు మంచిగనే కొట్టినయి గద" అన్నాడు ఉప్పలయ్య.

"దొర పైసలు ఇప్పుడు ముట్టినయేమో" అన్నాడు ముత్తయ్యన్న.

ఆ రోజుల్లో ద్రోహికి శిక్ష ఒకటే. అది వేరే చెప్పక్కర్లేదు. ఉప్పలయ్య భార్య కొమురమ్మ వచ్చి ఏడవకుండా, మొగుడికి ఎదురుగా నేల మీద కూర్చుంది. నా పేరు రామి, మాది మానుకోట పక్క తండా. దళంలో కబుర్లు మోస్తాను, నోరు కూడా బాగానే ఉంది. ఆ పూట మాత్రం కొమురమ్మకు చెంబుడు నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను.

అప్పుడే గాయాల మందుల కోసం మానుకోట పోయిన మా దళం ప్రతాప్ తిరిగొచ్చాడు. ప్రతాప్ కాశీలో లోహాల చదువు చదివిన ఇంజనీరు. అక్కడ ఆయన చేసిన పరిశోధన ఏమిటో వింటే నవ్వుతారు. ఉక్కు తీగలను తేజాబులో నానబెట్టి, బరువులు వేలాడదీసి, అవి ఎప్పుడు తెగుతాయా అని చూస్తూ కూర్చోవడం. పాపం, తన కొడుకు పెద్ద చదువు చదువుతున్నాడని తండ్రి ఊరంతా చెప్పుకున్నాడట.

విరిగిన కమాను ముక్క చూసి, తేజాబు సంగతి విని, ప్రతాప్ గట్టిగా కేక పెట్టాడు. "ఉప్పలయ్యను ఇప్పుండ్రి! తప్పు తేజాబుది. తేజాబు ఇనుమును తింటుంటే బుడగలు లేస్తయి చూడు, అది హైడ్రోజన్ అనే గాలి. అన్నిట్ల తేలిక గాలి అది. అంతా బయటికి పోదు, కొంత ఇనుము లోపటికి జొరబడుతది. ఇగ ఆ ఇనుమును వంచి పట్టుకున్నమనుకో, లోపల్లోపల పగిలి, కొంచెం సేపటికి ఇరుగుతది."

"ఇనుము కడుపుల గాలి" అన్నాడు ముత్తయ్యన్న, పడుకున్నచోటి నుంచే. "మరి వాము తాపియ్యరాదు?"

దళమంతా నవ్వింది. కట్టేసిన ఉప్పలయ్య కూడా నవ్వాడు. కొమురమ్మ ఒక్కతే నవ్వలేదు.

"వాము కాదు, వేడి కావాలె" అన్నాడు ప్రతాప్, నవ్వులు పట్టించుకోకుండా. "తేజాబుల నుంచి తీసిన ఎంటనే గంటల తరబడి వేడి మీద పెడితే గాలి బయటికి పోతది. రెండు కమాన్లు తేజాబుల నానబెట్టి, ఒక్కదాన్నే వేడి మీద పెట్టి చూపిస్త. ఒక్క దినం టైమియ్యి."

ముత్తయ్యన్న చెడ్డవాడు కాదు, మొండివాడు. "రేపు పొద్దుమూకే దాక" అన్నాడు. "రెండూ ఇరిగినా, రెండూ ఇరగకున్నా, నీ గాలి మాట నేను నమ్మ."

అందరూ చూస్తుండగా ఉప్పలయ్య చేత ఒకే ఉక్కు ముక్క నుంచి రెండు కమాన్లు చేయించారు. పక్కన ఒకడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. రెండింటినీ తేజాబులో నానబెట్టారు. పొద్దున్నే తీసి, ఒకదాన్ని నా పేలాల కుండలో పెట్టాడు ప్రతాప్. జొన్నపేలాలు వేయించడానికి ఇసుక కాచే కుండ అది. నిప్పుల మీద మధ్యాహ్నం దాకా ఆ కమాను వేడి ఇసుకలో మగ్గింది. రెండోది ఊరికే పడుంది. ఆ తర్వాత రెండింటినీ విల్లులా వంచి, తీగతో మొద్దుకు బిగించారు.

ఇక చూడడమే పని. ఉప్పలయ్యను మళ్ళీ చెట్టుకు కట్టారు. దళం పేలాలు తింటూ కమాన్ల చుట్టూ కూర్చుంది. పొద్దు వాలుతోంది, కమాన్లు రెండూ రాయిలా ఉన్నాయి.

"కాశీల నేను చేసినప్పుడు ఒక తీగె మూడో దినం తెగింది" అన్నాడు ప్రతాప్ ఉన్నట్టుండి.

ఆ మాట అప్పుడు చెప్పాలా! చెంప పగలగొట్టాలనిపించింది నాకు. కొమురమ్మ లేచి వెళ్ళి మొగుడి పక్కన నిలబడింది. ముత్తయ్యన్న కుంటుకుంటూ లేచి, "ఇగ చాలు, మీ గాలి మాటలు…" అంటున్నాడు.

టప్పుమంది.

ఎవరూ ముట్టలేదు. ఇసుకలో పెట్టని కమాను రెండు ముక్కలై పడింది. ఇసుక కమాను అలాగే వంగి ఉంది. దాన్ని వారం రోజులు అలాగే బిగించి ఉంచాం, ఏమీ కాలేదు.

ముత్తయ్యన్న విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "సరే, ఇప్పుండ్రి" అన్నాడు. అంతే. తేజాబు ఎవరి ఆలోచన అని నేనడిగితే, "దళం నిర్ణయం" అన్నాడు.

ఉప్పలయ్య చేతులు రుద్దుకుని, బువ్వ తిని, కొలిమి దగ్గర కూర్చున్నాడు. కొత్త కమాన్లన్నీ చేసి పెట్టాడు. రజాకార్లు మళ్ళీ వచ్చినప్పుడు తుపాకులన్నీ చక్కగా పేలాయి, వాగు అవతలికి తరిమేశాం. ఉప్పలయ్య అందరితో కలిసి తిన్నాడు, పాటలు పాడాడు, ముత్తయ్యన్న పిర్ర మీద మేం వేసే ఎగతాళికి అందరికంటే ఎక్కువ నవ్వాడు. అంతా సర్దుకుందనుకున్నాం.

దీపావళి వెళ్ళిన మరునాడు పొద్దున సుత్తె, పటకారు మూట కట్టుకుని, కొలిమితిత్తి కొమురమ్మ నెత్తిన పెట్టి బయల్దేరాడు. భూపాలపల్లి వైపు అత్తగారి ఊరుందట.

ముత్తయ్యన్న అడ్డం నిలబడ్డాడు. "ఏందే ఉప్పలయ్యా, ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వరేమనలే అన్నా."

"మరి పోయేటోనివి ఆ దినమే పోతే అయిపోవు గద. గిన్ని దినాలు మంచిగనే ఉంటివి."

"కమాను గూడ ఆ దినం ఇరిగేదాక మంచిగనే ఉండె" అంది కొమురమ్మ.

ముత్తయ్యన్న ప్రతాప్ వైపు చూశాడు. నిజాం పోలీసు లాఠీలు విరిగేలా కొట్టినా ఒక్క మాట అనని ముత్తయ్యన్న అప్పుడు దారి వదిలి పక్కకు జరిగాడు.

"తప్పయింది ఉప్పలయ్యా" అన్నాడు.

ఉప్పలయ్య మూట భుజానికెత్తుకున్నాడు. ముఖంలో కోపం లేదు.

"గా మాట కోసమే దీపావళి దాక ఆగిన అన్నా" అని, వాగులోకి దిగాడు.