పద్నాలుగో మనిషి పేరు

మా పరిశోధనల అసలు కారణాలు ఈ రోజు పదకొండు గంటలకి సెమినార్ హాలుకి వస్తున్నాయి. హాజరు పట్టీలో వాటికి విడిగా ఒక పేజీ ఉంది. కుర్చీలు చాలవని అటెండరు కింది అంతస్తు నుంచి రెండు బల్లలు కూడా తెప్పించాడు.

మా జానపద శాఖలో ఇది ఆనవాయితీ. థీసిస్ ఇచ్చే ముందు, ఈ అంశమే ఎందుకు పట్టుకున్నామో అందరి ముందూ చెప్పాలి. సారాంశంలో రాసుకున్న కారణం చెల్లదు. అసలుది చెబితే అది తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. పేరు పెట్టి పిలిస్తే మన వెంట ఇంటికి వస్తుంది. పిలవలేకపోతే శాఖకే చెందిపోతుంది. వెనక గోడ పొడవునా ఉన్న ఇనప బీరువాలు అందుకే.

మొదట దాలినాయుడు లేస్తాడు. నాకంటే సీనియరు. రైల్వే స్టేషన్ల చుట్టూ అల్లుకున్న కథల మీద ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు.

"చిన్నప్పుడు మా నాన్న నీళ్ళు పట్టుకొస్తానని ఏదో స్టేషన్లో దిగాడు సార్. రైలు కదిలిపోయింది," అంటాడు.

తలుపు తెరుచుకుంటుంది. అవతల వరండా లేదు, ప్లాట్‌ఫారం ఉంది. ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు మాకు వీపు పెట్టి కుళాయి కింద మరచెంబు పట్టి నిలబడ్డాడు. నీళ్ళు ధారగా పడుతున్నాయి, చెంబు నిండడం లేదు. దాలినాయుడు ఇప్పుడు తండ్రికంటే పెద్దవాడు. కాసేపు తటపటాయించి "సన్యాసినాయుడు గారూ!" అని పిలుస్తాడు. ఆయన కుళాయి కట్టేసి, ఇటు తిరగకుండానే వెనక్కి వెనక్కి నడిచి వచ్చి కొడుకు పక్కన కూర్చుంటాడు. ముఖం ఇంకా ఎవరికీ కనపడలేదు. దాలినాయుడు మాత్రం ఏడుస్తున్నాడు.

"సంతోషం. తర్వాత ఎవరు?" అంటారు కూర్మనాథం మాస్టారు. ఆయనే నా గైడు.

తర్వాత నేనే.

"నా పేరు హైమావతి. అంశం జోలపాటలు. శ్రామిక స్త్రీల మౌఖిక సంప్రదాయంలో..."

"అది సారాంశంలో ఉందమ్మా. అసలుది."

సిగ్గుగా ఉంది. ఇంతమంది ముందు చెప్పుకునే సంగతా ఇది? అయినా చెబుతాను.

"నాకు ముందు ఒక అన్న పుట్టాడు సార్. పదకొండు రోజులు బతికాడు. మా అమ్మ వాడికి ఒక పాట పాడిందట. నాకెప్పుడూ పాడలేదు. ఆ పాట వినాలని."

మా అమ్మ లోపలికి వస్తుంది. అంట్లు తోముతూ లేచి వచ్చినట్టుంది, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. జాకెట్టు మీద పిన్నీసుతో గుచ్చిన చీటీ. చీటీ మీద 14.

"కూకోమంటారా మేడం?" అని నన్నే అడుగుతుంది.

తప్పు నాదే, దాచడమెందుకు. పాటలు చెప్పినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదని మాకు నియమం. ఒక్కొక్కరికీ ఒక నెంబరు ఇచ్చి, అసలు పేర్ల జాబితా గైడు ముందు చింపేయాలి. సొంత తల్లిని కూర్చోబెట్టి పాటలు రాసుకున్నానంటే మాస్టారు ఊరుకోరని, పదమూడుగురి తర్వాత అమ్మకీ నెంబరు వేశాను. రికార్డరు ముందు పెట్టి, నమూనా పత్రంలో ఉన్నట్టే "మీ పేరు?" అని అడిగాను. అమ్మ ముందు నవ్వింది. తర్వాత సిగ్గుపడింది. గోడవైపు తిరిగి చెప్పింది. ఆ తర్వాత ఆ పాట పాడింది, నాకు కాదు, రికార్డరుకి.

జాబితా చింపిన రోజు నుంచి ఆ పేరు ఎక్కడా లేదు. రేషను కార్డులో ఆ వరస తెల్లగా ఉంది, రికార్డులో ఆ చోట గరగర తప్ప ఏమీ లేదు, నాకూ గుర్తు రాదు. ఇంట్లో ఎవరూ గమనించలేదు. నాన్న ఏనాడూ "ఇదిగో" అని తప్ప పిలవలేదు. వీధిలో వాళ్ళకి ఆవిడ హైమ వాళ్ళమ్మ. నాకు అమ్మ. ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు, నాకు తప్ప. నేను దాన్ని ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.

"పిలవండి. ఒంటిగంటకి బీరువాలు వేసేస్తాం," అంటారు మాస్టారు. అటెండరు అప్పటికే ఒక అర ఖాళీ చేసి పాతగుడ్డతో దుమ్ము దులుపుతున్నాడు. అర సరిగ్గా మనిషంత ఉంది.

నోటికొచ్చిన పేరల్లా పిలుస్తాను.

"అప్పలనరసమ్మా!"

తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. జాకెట్టు మీద 6. "నన్నేనా అమ్మా?" అంటుంది ఆశగా.

"మీ పేరు అప్పలనరసమ్మా?"

"ఏమో మరి. పిలిసినారు కదా, వచ్చీసినాను."

"గౌరమ్మా! ఎర్నమ్మా! సింహాచలం!"

పేరు పిలిచినప్పుడల్లా ఒకరిద్దరు వస్తున్నారు. నాకు పాటలు చెప్పిన పదమూడుగురూ వచ్చేశారు. ఎవరి పేరుకి ఎవరు పలుకుతున్నారో వాళ్ళకే తెలియదు. ఏ పేరుకీ అమ్మ మాత్రం తలెత్తడం లేదు. గడియారంలో ఒంటిగంటకి మూడు నిమిషాలు తక్కువ.

నేను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంటాను.

"అమ్మా, నువ్వే చెప్పవే. నీ పేరేంటి?"

"ఆ దినం సెప్పినాను కదా మేడం. ఒక్కటే ఉండీది. మీకే ఇచ్చీసినాను."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

అటెండరు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంటాడు. నేను ఆ చెయ్యి విడిపించి, నా దగ్గర మిగిలింది ఇచ్చేస్తాను.

"హైమావతీ," అని పిలుస్తాను అమ్మని.

అమ్మ తలెత్తుతుంది. ఇంకొకరి జాకెట్టు తొడుక్కున్నట్టు భుజాలు ఒకసారి అటూ ఇటూ కదుపుకుంటుంది. సరిపోయింది. ఇప్పుడు ఆవిడ వయసు ఇరవై, అన్న పుట్టిననాటి వయసు. నెంబరు చీటీ ఊడదీసి నా చేతిలో పెట్టి, గబగబా కొంగు సర్దుకుంటుంది.

"ఎల్తానండి. బాబు లెగిసే ఏళయిపోనాది."

"అమ్మా, నేనూ వస్తాను."

"మీరెవులండి?" అంటుంది మర్యాదగా.

నా పేరు ఇప్పుడు ఆవిడదే. అమ్మ మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఆవిడ బీరువాలోకి వెళ్ళలేదు, అది చాలు.

కూర్మనాథం మాస్టారు రిజిస్టరు మూసి కళ్ళజోడు మీదుగా నన్ను చూస్తారు. "ఇంతకీ మీరు ఎవరి కారణమమ్మా?" అని అడుగుతారు.

ఒంటిగంట కొడుతుంది. కిటికీల అవతల రోజూ సముద్రం కనిపించే చోట ఒక చీర ఉయ్యాల వేలాడుతోంది. దాని ముడి ఎక్కడో మబ్బుల పైన ఉంది. లోపల ఎవరో బరువుగా ఉన్నారు. పదమూడుగురు ఆడవాళ్ళూ కిటికీల్లోంచి చేతులు చాచి దాన్ని ఊపుతున్నారు, ఊపినప్పుడల్లా హాలు కూడా ఊగుతోంది. నేను వాళ్ళ పక్కన నిలబడి చెయ్యి వేస్తాను. పాడుతున్నారు, నేనూ అందుకుంటాను. పాటలో బిడ్డ పేరు రావాల్సిన చోటికి వచ్చి పద్నాలుగు మందిమీ ఒక్కసారే ఆగిపోతాం. ఉయ్యాల లోపల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.