నాలుగో ఫ్లాపీకి తలంటు

విజయరాణి నూజివీడు కాపురానికొచ్చి యాభై రెండు రోజులైంది. ఆ రోజుల్ని ఆమె ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉంది. పొద్దున్నే తలుపు తీస్తే యార్డులోంచి పచ్చికాయల వాసన గుప్పుమనడం ఆమెకు ఇష్టం. మామిడికాయలు తూచే కాటా పక్కన నిలబడి మామగారు తలపాగా సర్దుకోవడం ఇష్టం. స్కూటరు స్టార్టు కాకపోతే దాన్ని బతిమాలుకునే తన మొగుడు నారాయణరావంటే మరీ ఇష్టం. వీటన్నిటి మీదా ఇప్పుడు వీధి వైపు గదిలో, చీర ముక్కతో కుట్టిన ముసుగు కింద, ఒక కంప్యూటరు కూడా ఉంది. తెల్లారి లేవగానే ఆ ముసుగు ఎత్తి ఒకసారి చూసుకుంటేగానీ ఆమెకు కాఫీ రుచించదు.

బియస్సీ అయ్యాక బెజవాడలో ఆర్నెల్లు కంప్యూటరు కోర్సు చదివింది. పెళ్ళిచూపుల్లోనే నారాయణరావుకి చెప్పేసింది, నూజివీడులో ఆడపిల్లలకి కంప్యూటరు మీద టైపింగు నేర్పే క్లాసు పెట్టాలని ఉందని. అతను మాట నిలబెట్టుకున్నాడు. మామగారు బసవపున్నారావుగారు మాత్రం ఒక షరతు పెట్టారు.

"ఆదివారానికి నీ మిషను ఆడిందా, గది నీది. ఆడలేదా, సోమవారం నుంచి గడ్డి పరిచి రసాలు మాగేస్తాం. సీజన్లో గది ఖాళీగా ఉంచితే ఊళ్ళో నవ్వుతారమ్మాయ్" అన్నారు.

"ఆడుతుందండీ మామయ్యగారూ" అంది రాణి. ఎనిమిది మంది పిల్లలు అప్పటికే పేర్లు రాయించుకున్నారు. మొట్టమొదటి పేరు కృష్ణవేణిది. యార్డులో కాయలు ఏరే అచ్చమ్మ కూతురు, ఆ ఏడే పదో తరగతి పాసైంది.

మిషనుకి కావలసిన ప్రోగ్రాము హైదరాబాదు నుంచి రావాలి. నారాయణరావు స్నేహితుడు అప్పారావు అక్కడ ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. వాళ్ళ ఆఫీసులో టెలిఫోను తీగకి తగిలించే పెట్టె ఒకటుంది. దాని గుండా బొంబాయిలో ఎవరో అందరికీ ఉచితంగా పెట్టిన టైపింగు ప్రోగ్రామును, మూడు ఆదివారాలు కూర్చుని, ముక్కలు ముక్కలుగా తన కంప్యూటరులోకి దింపుకున్నాడు. దాన్ని ఆరు ఫ్లాపీల మీదకి ఎక్కించి, ఒక్కోదానికీ నంబరు చీటీ అంటించి, పాకెట్టు కట్టి, బెజవాడ మీదుగా బస్సులో పంపాడు. తాటాకంత పలచగా, అరచేతికంటే కాస్త పెద్దగా ఉండే నల్లటి చదరపు ఫ్లాపీలు.

గురువారం మధ్యాహ్నం రాణి మంచి గడియ చూసుకుని మిషను ముందు కూర్చుంది. ఒకటో ఫ్లాపీ పెట్టి, 'ఇన్‌స్టాల్' అని టైపు చేసి, మీట నొక్కింది. మిషను గురగురలాడుతూ చదువుకుంది. రెండోది అడిగింది, ఇచ్చింది. మూడోది అడిగింది, ఇచ్చింది. నాలుగో డిస్కు పెట్టమని తెర మీద అక్షరాలు మెరిశాయి.

పాకెట్లో చెయ్యి పెడితే ఐదు వచ్చింది. మళ్ళీ పెడితే ఆరు. ఇంకోసారి పెడితే పాకెట్టు అడుగు తగిలింది.

బల్ల కింద చూసింది, బీరువా వెనకాల చూసింది. అత్తగారు పుష్పావతమ్మ దేవుడి గూట్లో కూడా చూసింది. ఇంటికి కొత్త వస్తువేదొచ్చినా ఆవిడ ముందు అక్కడ పెట్టి బొట్టు పెట్టందే వాడనివ్వరు.

"నల్లటివాటికి నేను బొట్టు పెట్టను తల్లీ. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకున్నావో నువ్వే గుర్తు తెచ్చుకో. కొత్త పెళ్ళికూతురివి, ధ్యాసంతా ఎక్కడుందో మాకు తెలియదా" అన్నారావిడ, పప్పు చెరుగుతూ.

సాయంత్రం నారాయణరావు ట్రంకాల్ బుక్ చేశాడు. అవతల అప్పారావు గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఆరూ పంపానన్నాడు, నాలుగోదాంట్లో ఏడు ఫైళ్ళున్నాయన్నాడు. తన మిషనులో చోటు చాలక ఆ ప్రోగ్రాము చెరిపేశానన్నాడు. మళ్ళీ దింపాలంటే ఆఫీసువాళ్ళు ఆ తీగ వాడనివ్వాలి, కనీసం మూడు వారాలు పడుతుందన్నాడు.

"మీరు కాపీలు తీసుకుని ఉంటారుగా?" అని అడిగాడు చివర్లో.

రాణి నాలిక కరుచుకుంది. కోర్సులో మొదటి రోజు నేర్పిన మొదటి పాఠమది. ప్రోగ్రాము రాగానే కాపీ తీసి దాచాకే అసలుది ముట్టుకోవాలి. సంబరంలో ఆ పాఠం ఎటుపోయిందో.

"ఏవండీ, ఆ నాలుగోదాంట్లో ఏడు ఫైళ్ళున్నాయి. ఆ ఏడూ దొరికితే చాలు" అంది ఫోను పెట్టేశాక.

"దొరకకపోతే?"

"దొరుకుతాయి. ఇంటికి ఆరూ వచ్చాయా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. పాకెట్టు విప్పిందెవరు?"

ఆ ప్రశ్న పాకెట్టొచ్చిన బుధవారం నాడే అడిగి ఉండాల్సింది. బస్సు కండక్టరు పాకెట్టు ఇచ్చింది యార్డులో. యార్డులోకి ఏ సరుకొచ్చినా విప్పేది ఒక్కరే.

శుక్రవారం పొద్దున్నే మామగారికి కాఫీ పట్టుకెళ్ళి, గ్లాసు చేతికిచ్చి అడిగింది. "మామయ్యగారూ, మొన్న బస్సులో వచ్చిన పాకెట్టు మీరే విప్పారా అండీ?"

"నేనే విప్పాను. తడిసిందేమో చూశాను. మచ్చు తీసి, మిగతావి నీకు పంపాను."

"మచ్చా?"

"మచ్చు తీయకుండా ఈ యార్డులోకి ఏ సరుకైనా వచ్చిందా?" ఆయన కాఫీ ఊదుకుంటూ చెప్పారు. "రేపు సరుకు బాగాలేదని ఎవడన్నా పేచీ పెడితే చూపించడానికి ఒకటుండాలా వద్దా. పైది తీయకూడదు, అడుగుది తీయకూడదు. నడుమ నుంచి తీయాలి. మా నాన్న నేర్పిన పద్ధతి."

ఆరింటికి నడుమ నాలుగు. రాణికి నవ్వొచ్చింది. అంత చక్కగా పోయిన వస్తువు మీద ఎవరికైనా కోపమెలా వస్తుంది? కాఫీ గ్లాసు కూడా తీసుకోకుండా షెడ్డులోకి పరిగెత్తింది.

మచ్చు గంప ఎత్తు అరుగు మీదుంది. ఏ తోట నుంచి వచ్చిన కాయకి ఆ తోట పేరున్న చీటీ. విస్సన్నపేట రసాలు, జి. కొండూరు బంగినపల్లి. వాటి నడుమ నల్లటి చదరం. దానికీ దారంతో ఒక చీటీ కట్టి ఉంది: 'హైదరాబాదు, అప్పారావు సరుకు, ఆరింటిలో ఒకటి.' మామగారి గుండ్రటి చేతిరాత.

తీసి చూసేసరికి నవ్వు సగంలో ఆగింది. పైనున్న పచ్చికాయ తొడిమ దగ్గర కారిన సొన, ఫ్లాపీకి సరిగ్గా సందు ఉన్నచోట పడి, లోపలి గోధుమరంగు బిళ్ల మీద జిగురులా గడ్డకట్టింది. అలా మిషనులో పెడితే ఫ్లాపీతోపాటు మిషనూ పాడవుతుంది.

అచ్చమ్మ కాయలు ఏరడం ఆపి, దగ్గరికొచ్చి తొంగి చూసింది. "ఏంటి చిన్నమ్మగారూ, సొన పడిందా?"

"పడింది అచ్చమ్మా. ఇది శుభ్రమైతేనే ఆదివారం క్లాసు."

అచ్చమ్మ తన చేతులు చూపించింది. ముప్పై ఏళ్ళుగా సొనలో మునిగిన చేతులు. "పొద్దస్తమానం ఇదే కదండీ మా బతుకు. కిరసనాయిలు పెట్టారో, తోలు లేచిపోద్ది. కొబ్బరినూనె రాసి కాసేపు వదిలెయ్యాలి. మెత్తబడ్డాక కుంకుడు రసంతో కడగాలి. రుద్దకూడదు, అద్దాలి."

"తలంటు పోసినట్టా?"

"పెళ్ళికూతురికి పోసినట్టు" అంది అచ్చమ్మ. "మా పిల్ల పేరు మీ పుస్తకంలో మొదట ఉందంట కదా. నీళ్ళు నేను కాస్తాను పదండి."

రాణికి ఒక్క సంగతి బాగా తెలుసు. కోర్సు చెప్పిన మాస్టారు ఒకసారి టీ ఒలికిన ఫ్లాపీని అందరి ముందూ బతికించాడు. లోపలి బిళ్ల నీళ్ళకి భయపడదు. గీత పడితేనూ మడత పడితేనూ చస్తుంది, అంతే. పాడైన కవరు కోసి బిళ్ల తీసి, కడిగి ఆరబెట్టి, ఇంకో ఫ్లాపీ కవరులోకి ఎక్కించాలి. ఇంట్లో ఉన్న ఇంకో ఫ్లాపీ ఒక్కటే, బెజవాడలో ఆమె అభ్యాసం చేసినది. ఏలూరు కొట్టుకి కొత్తవి వచ్చేది ఆదివారమే.

బ్లేడు పట్టుకుని దాని అంచు కోయబోతుంటే నారాయణరావు అడిగాడు. "దీంట్లో ఏముంది?"

"నిశ్చితార్థం నుంచి పెళ్ళిదాకా మీకు రాసిన ఉత్తరాలు. పంపడానికి సిగ్గేసి దాచుకున్నాను."

"ఎన్ని?"

"పదకొండు."

"అయితే కోయడానికి వీల్లేదు. గదిలో రసాలు మాగేసుకుంటాం. నాకేం పర్లేదు."

"కోసేది కవరేనండీ. ఉత్తరాలున్న బిళ్ల తీసి తెల్లకాగితంలో చుట్టిపెడతాను. ఆదివారం పనయ్యాక మళ్ళీ దాని ఇంట్లో దాన్ని కూర్చోబెడతాను."

"చదవనిస్తావా?"

"ముందు పళ్ళెం పట్టుకోండి, కదలకుండా."

పెరట్లో రాగి పళ్ళెంలో నాలుగో ఫ్లాపీ బిళ్ల పడుకుంది. వేలి కొసతో నూనె రాసింది రాణి. గంటసేపు ఆగింది. ఆ గంటలో నారాయణరావు పళ్ళెం చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగాడు. అచ్చమ్మ వడగట్టి తెచ్చిన గోరువెచ్చని కుంకుడు రసంలో ముంచి, మెత్తటి వాయిలు గుడ్డతో అద్దింది. సొన తొక్కలా విడిపోయింది. కడగడానికి మంచినీళ్ళు మూడు బిందెలు దాటాయి.

పుష్పావతమ్మగారు వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డారు. "నా కోడలు వచ్చాక మొట్టమొదట తలంటు పోసింది నాకు కాదు, నా కొడుక్కి కాదు, ఈ నల్ల అప్పడానికి" అన్నారు.

"అది గోధుమరంగు అత్తయ్యగారూ. నలుపు కవరుది."

"అయితే సాంబ్రాణి పొగ కూడా వేసుకో" అంటూ లోపలికెళ్ళి, పట్టుచీరలు చుట్టి దాచే తెల్లటి మల్లు గుడ్డ తెచ్చిచ్చారు. "దీంతో అద్దు. వాయిలు గుడ్డ పోగులు రాలతాయి."

నీడలో, దుమ్ము పడకుండా, ఆ మల్లు గుడ్డ మీద బిళ్ల రోజంతా ఆరింది.

శనివారం పొద్దున ఉత్తరాల ఫ్లాపీ కవరులో బిళ్ల దూర్చి, మిషనులో పెట్టి, దాని బుల్లి తలుపు వేసింది రాణి. గదిలో నారాయణరావు, అచ్చమ్మ, పని వదిలి వచ్చిన మామగారు. ఒకేసారి ఇన్‌స్టాల్ చేయడానికి తొందరపడలేదు ఈసారి. ఒక్కొక్క ఫైలూ విడిగా కంప్యూటరు కడుపులోకి కాపీ చేయసాగింది. ఒకటి వచ్చింది. రెండు. మూడు. ఆరు వచ్చాయి. ఏడోదాని దగ్గర మిషను రంపం కోసినట్టు గీరింది. చదవలేకపోయానని, వదిలేయమంటావా, మళ్ళీ చూడమంటావా, పట్టించుకోకుండా సాగమంటావా అని తెర మీద అడిగింది.

"ఏమంటోంది?" అన్నారు మామగారు.

"మళ్ళీ చూడనా అంటోందండీ."

"చూడమను."

పదిసార్లు చూడమంది. పదకొండోసారి మీట నొక్కబోయి ఆగింది. ఫ్లాపీ బయటకు తీసి, కిటికీ దగ్గర ఎండకి ఏటవాలుగా పట్టుకుని, బిళ్లను కొద్దికొద్దిగా తిప్పింది. అంచుకు దగ్గరగా ఆవగింజంత మెరుపు కనబడింది. నూనె తగలని చోట మిగిలిపోయిన సొన.

"దొరికింది. అచ్చమ్మా, ఇంకొంచెం నూనె, కుంకుడు రసం."

ఆ మాట ఎంత నిబ్బరంగా అందంటే, బసవపున్నారావుగారు వెంటనే గదిలోంచి కదిలారు. బయటికెళ్ళి, సోమవారానికి గడ్డి బండి తోలుకురమ్మని చెప్పిన మనిషిని కేకేసి, అక్కర్లేదన్నారు.

మధ్యాహ్నం మూడున్నరకి ఏడో ఫైలు వచ్చింది. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ నడిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. తెర ఒక్క క్షణం చీకటైంది. ఆ తర్వాత పైనుంచి అక్షరాలు చిన్నచిన్న చినుకుల్లా రాలడం మొదలుపెట్టాయి. అవి నేల తాకేలోపు ఆ అక్షరం మీట నొక్కాలి. నొక్కితే అక్షరం టప్పున పేలి చుక్కలవుతుంది. నారాయణరావు ఒక్క అక్షరాన్నీ పట్టుకోలేకపోయాడు. బసవపున్నారావుగారు చూపుడువేలితో మూడు పట్టుకుని, తలపాగా సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

ఆదివారం పదిన్నరకి ఎనిమిది మంది పిల్లలూ వచ్చారు. కృష్ణవేణి మొదట కూర్చుంది. చేతులు చీర కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, మొదటి అక్షరాన్ని పేల్చి, వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న అమ్మ వైపు చూసింది.

పిల్లలు వెళ్ళాక రాణి బీరువాలోంచి కొత్త ఫ్లాపీల పెట్టె తీసింది, నారాయణరావు ఆ పొద్దున్నే ఏలూరు వెళ్ళి తెచ్చినవి. ఆరింటికీ ఆరు కాపీలు తీసి, దారంతో కట్టి, మామగారి దగ్గరికి పట్టుకెళ్ళింది.

"మామయ్యగారూ, మీ మచ్చు. ఒకటి కాదండీ, ఆరుకి ఆరు. గంపలో వద్దు, పై గూట్లో పెడదాం. కాయలు లేనిచోట."

ఆయన కట్ట అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తృప్తిగా తలాడించారు. "నేను చెప్పలా? మచ్చు ఉండాలి. ఈమాటు పేచీ వస్తే మన దగ్గరుంది." జేబులోంచి పెన్ను తీసి చీటీ రాయడం మొదలుపెట్టారు.

సాయంత్రం పదకొండు ఉత్తరాల బిళ్లని మళ్ళీ దాని కవరులో కూర్చోబెట్టి, అంచు జిగురు కాగితంతో మూసి, రాణి మిషను ముందు జరిగి చోటిచ్చింది. నారాయణరావు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"దీనికి కాపీ తీశావా?" అన్నాడు.

"తీయలేదు. ఇది మచ్చు తీసే సరుకు కాదు" అంది రాణి, మొదటి ఉత్తరం తెరుస్తూ.