వంతెన తెరిచిన సంవత్సరం

గ్రంథాలయంలో ఎవరికే సందేహమొచ్చినా జవాబు చెప్పే బల్ల ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా దాని వెనక కూర్చుంటున్న ఆవిడని అందరూ సందేహాలమ్మ అంటారు. అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు వెతికి కార్డు మీద రాసిపెట్టడం ఆవిడ పద్ధతి. ఆ కార్డులకి ఫొటోలు తీసి నెట్‌లో పెట్టే పని ఆవిడ ఆడపడుచుది; తన సీటు మేడమీద.

ఇప్పుడా బల్లకే ఎసరు పెట్టాడు కొత్త చైర్మన్.

"అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే ఈ బల్లెందుకు మేడమ్? సరే, పందెం. మన వంతెన ఎప్పుడు తెరిచారు? మీరు గెలిస్తే బల్ల ఉంటుంది" అన్నాడు.

ఫోన్ రెప్పపాటులో 1934 అంది. సందేహాలమ్మ కింది గదిలోకి దిగి, పాత పత్రికల కట్టలన్నీ దులిపి, తుమ్ముకుంటూ పావుగంటకి పైకొచ్చింది.

"1937 సార్. ఇదిగో, ప్రారంభోత్సవం వార్త."

"నెట్ అబద్ధం చెబుతుందా?" అంటూ ఆయన ఫోన్ కిందికి జరిపి, కళ్లు పెద్దవి చేశాడు. "ఆధారం మన సందేహాల బల్లే! అబ్బో, నెట్‌కే మీరు గురువా! అయితే బల్ల ఉండాల్సిందే. 1934 ఖాయం చేద్దామా?"

ఆవిడ ఫోన్‌లోకి తొంగి చూసింది. ఆ కార్డు తనదే. ఎప్పుడో కూతురి బడి వార్షికోత్సవానికి పరుగెత్తే హడావిడిలో, శంకుస్థాపన సంవత్సరం చూసి అదే రాసి పారేసింది. ఇప్పుడు తలూపితే చాలు, బల్ల దక్కుతుంది. ఊపాలనే ఉంది, పాడు మెడ కదిలితేగా!

"అది నా తప్పు సార్. 1937 నిజం."

"తప్పులు రాసే బల్ల మనకెందుకు మేడమ్?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

సాయంత్రానికల్లా బల్లని సామాన్ల గదిలోకి తోశారు. ఆవిడని చిరిగిన పుస్తకాలు అతికించే గదికి పంపారు.

"పిచ్చా వదినా నీకు? నోరు మూసుకుంటే పోయేదిగా!" అని ఆడపడుచు లబలబలాడింది.

"ఇన్నాళ్లూ నోరు తెరిచినందుకే కదే జీతమిచ్చారు!" అంటూ ఆవిడ చివరి కార్డు రాసిచ్చింది: వంతెన తెరిచింది 1937లో, ముందు రాసింది తప్పు. ఆడపడుచు సణుగుతూనే ఫొటో తీసి పెట్టింది.

నెల తిరక్కుండానే చైర్మన్ ఆ గదికి వచ్చాడు, ఫోన్ పట్టుకుని.

"మీకు చెబుదామనే వచ్చాను మేడమ్. వంతెన 1937లోనేనట. చూశారా, నెట్ తన తప్పు తనే దిద్దుకుంది! ఆ బుద్ధి మనుషులకెక్కడ ఏడ్చింది?"

"ఎక్కడుంటుంది లెండి సార్" అని సందేహాలమ్మ చిరిగిన అట్టకి జిగురు రాసుకుంది.