ఎదుటి స్టూలు

చైన్ రంపం గొలుసుకి పళ్లన్నీ ఒకే వైపు వాలి ఉండవు. ఒకటి కుడికి వాలితే దాని తర్వాతది ఎడమకి వాలుతుంది. వాటికి పదును పెట్టే ఆకురాయి ముందుకి తోస్తేనే కోస్తుంది, వెనక్కి లాగితే కోయదు. అందుకని ఒక వైపు కూర్చుని సగం పళ్లే రుద్దగలం. మిగతా సగానికి లేచి అవతలి వైపుకి వెళ్లాలి.

మా షెడ్డులో ఎవరూ లేచేవాళ్లు కాదు. మధ్యలో బల్ల, రంపాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి దానికి బిగించిన వైస్. అటు స్టూలు మీద వదిన, ఇటు స్టూలు మీద నేను. తన వైపు వాలిన పళ్లు నేను రుద్దేదాన్ని, నా వైపు వాలినవి తను. ఇంజన్ల పని అన్నయ్యది. వదినకి చేతులతో పాటు నోరూ ఆడుతూనే ఉండేది. అన్నయ్య ఆమెను రేడియో అని పిలిచేవాడు. కాసేపు ఆపితే బ్యాటరీ మిగులుతుంది కదా అనేవాడు.

"మీ చెల్లెలి వంతు కూడా నేనే మాట్లాడాలిగా మరి," అనేది వదిన.

అన్నయ్య పోయాక కూడా కొన్నాళ్లు మేమిద్దరం అలాగే కూర్చున్నాం. ఇంజన్ల పని కిందా మీదా పడి నేను నేర్చుకున్నాను. ఆ తర్వాత బోరు పంపులు బాగుచేసే ఒకాయన వదినను చేసుకుంటానని అడిగాడు. మంచివాడు, మాటలు వినే ఓపిక ఉన్నవాడు. సరే అనమని పోరు పెట్టింది నేనే. నన్నూ తనతో రమ్మంది. కొత్త కాపురానికి పాత ఆడపడుచును వెంటబెట్టుకెళ్తే జనం నవ్వుతారన్నాను. ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది, బస్సెక్కింది.

అదంతా ఎండాకాలంలో. వానలు పట్టాక ఒక పొద్దున మేస్త్రీ వచ్చాడు. చెట్లు కోసే ముఠాకి ఆయన పెద్ద. వాళ్ల రంపం మిషన్లన్నీ అన్నయ్య ఉన్నప్పటి నుంచీ మా దగ్గరికే వస్తాయి. షెడ్డు నడిచేది వాటి మీదే. ఆయన ఒక మిషనూ, దుంగలోంచి కోసిన ఒక ముక్కా బల్ల మీద పెట్టాడు. ముక్క ఒక పక్క బెత్తెడు మందం ఉంది, రెండో పక్క రెండు వేళ్లే. కోత పైన తిన్నగా మొదలై కిందికి దిగేకొద్దీ ఒరిగిపోయింది.

"ఇదేంటో చెప్పు అమ్మాయ్," అన్నాడు. నేను చెప్పేలోపు ఆయనే అన్నాడు, "తలగడ. మావాళ్లు మధ్యాహ్నం దీని మీద తల పెట్టుకుని పడుకుంటున్నారు. ఇంకెందుకూ పనికిరాదుగా."

తర్వాత నవ్వు మానేసి మెల్లగా చెప్పాడు. చాలా రోజుల నుంచీ ఇంతేనట. మొహమాటపడి ఊరుకున్నాడట. రేపటి నుంచి రోడ్డు పక్కన మానులు కోయాలి. అంత లావు మానులో రంపం పక్కకి పోయి ఇరుక్కుంటే మనిషి చెయ్యి పోతుంది. బజారులో కరెంటు మీద పదును పెట్టే కొట్టు తెరిచారు. ఈ ఒక్కటి సరిచేసి ఉంచితే సాయంత్రం వచ్చి కోసి చూస్తాననీ, తిన్నగా కోస్తే మిగతా మిషన్లన్నీ ఇక్కడే దింపుతాననీ, లేకపోతే ఏమీ అనుకోవద్దనీ అన్నాడు. అనుకోవద్దన్నందుకే నాకు ఎక్కువ బాధనిపించింది.

ముందు బార్‌ని అనుమానించాను. గొలుసు తిరిగే పొడుగాటి పట్టీ అది. విప్పి, దాని గాడిలో గట్టిపడిన పొట్టూ ఆయిలూ కమ్మీతో గీకి తీశాను. అద్దం మీద నిలబెట్టి చూశాను. రెండు అంచులూ సమానంగా ఆనాయి. తప్పు దానిది కాదు. గొలుసు కడిగి పళ్లు కొలిచాను. నేను రుద్దుతూ వచ్చినవి పొట్టిగా ఉన్నాయి. వదిన రుద్దేవి పొడుగ్గా ఉండిపోయాయి. పైగా వాటి అంచులు వెలుతురుకి తెల్లగా మెరుస్తున్నాయి. పదునున్న అంచు అలా మెరవదు. కోత ఒక పక్కకి ఒరిగేది అందుకే.

వదినతో వారానికొకసారి మాట్లాడతాను. తిన్నావా, తిన్నాను, పనుందా, ఉంది, అంతే. ఆ రోజు మా మామూలు రోజు కాకపోయినా ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆకురాయి అరిగిపోయిందేమో చూడమంది. కొత్తదే అన్నాను. ఆమె మాట్లాడకుండా ఆగింది. ఆమె ఆగడం నాకు కొత్త.

"నా వంతు పళ్లు ఎక్కడ కూర్చుని రుద్దుతున్నావ్?"

"నా స్టూలు మీదే. చెయ్యి అటు తిప్పి ఇవతలికి లాగుతున్నా."

"లాగితే ఎక్కడ తెగుతుంది పిల్లా? ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలుసు.

"నా స్టూలు ఎవరికైనా ఇచ్చేశావా?"

"ఉంది."

"దాని మీద ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు."

అవతల ఎవరో ఆమెను పిలిచారు. "కూర్చో దాని మీద. విరగదులే," అని పెట్టేసింది.

స్టూలు మీది దుమ్ము తుడిచి కూర్చున్నాను. అక్కణ్నుంచి షెడ్డు వేరేలా ఉంది. ఇన్నేళ్లూ నా ఎదురుగా వీధి ఉండేది, వచ్చేపోయే వాళ్లు ఉండేవాళ్లు. ఇటు నుంచి వీధి కనపడదు. మసి పట్టిన గోడ, దాని ముందు నా స్టూలు. వదిన ఇన్నాళ్లూ చూసింది ఆ గోడనీ నన్నూ. మాట్లాడక ఏం చేస్తుంది.

ఆకురాయి ముందుకి తోశాను. మొదటి పన్ను మీద జారింది. రెండోసారి పట్టింది. నల్లటి ఇనుప పొడి ఒళ్లో రాలుతుంటే ఒక్కొక్క పన్నునీ నా వంతు వాటంత పొట్టి అయ్యేదాకా రుద్దాను. పళ్ల ముందుండి అవి మరీ లోతుకి దిగకుండా ఆపే చిన్న బొడిపెలను చదును ఆకురాయితో తగ్గించాను. బార్‌ని ఈసారి తలకిందులుగా తిప్పి బిగించాను, ఒకే అంచు అరిగిపోకుండా. గొలుసు వేసి వేలితో లాగి చూశాను. కొంచెం లేచి మళ్లీ దాని చోటికి వెళ్లి కూర్చుంది.

మేస్త్రీ చెప్పినట్టే సాయంత్రం వచ్చాడు. బయట పడున్న దుంగ మీద మిషన్ పెట్టాడు. పిండిలాంటి పొడి కాకుండా పెద్ద పెద్ద పొరలు ఎగిరిపడ్డాయి. ముక్క తెగి పడ్డాక ఆయన కోత మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ రాశాడు.

"దీన్ని తలగడ చేసుకుంటే మెడ పట్టేస్తుంది," అన్నాడు.

మనుషుల్ని పిలిచి మిగతా మిషన్లు దింపించాడు. వెళ్లబోతూ, ఒక్కదానివే ఇన్ని ఎలా చేస్తావు, ఎవరినైనా పెట్టుకోరాదా అని అడిగాడు. చూద్దామన్నాను. ఆయన వెళ్లాక ఒక గొలుసు తీసి సగం పళ్లు ఇటు కూర్చుని రుద్దాను, లేచి అటు వెళ్లి మిగతా సగం రుద్దాను. రెండోది మొదలుపెడుతుంటే ఫోన్ మోగింది. వదిన.

"తిన్నగా కోసిందా?"

"కోసింది."

"చూశావా. ఇంక నాతో పనేముంది నీకు," అని నవ్వింది. ఆ నవ్వులో గర్వం తెలుస్తూనే ఉంది. నేనూ నవ్వాను. ఆమె వెనక గిన్నెల చప్పుడు, వాళ్లాయన ఏదో అడుగుతున్న గొంతు. ఇంక ఫోన్ పెట్టేస్తుంది.

"వదినా, ఎయిర్ ఫిల్టర్ దేంతో కడగాలి?"

మా షెడ్డులో ఫిల్టర్లు ఎప్పుడూ నేనే కడిగేదాన్ని. పెట్రోలు వాసన పడదని ఆమె వాటి జోలికే వచ్చేది కాదు.

అవతల గిన్నెల చప్పుడు మెల్లగా దూరమైంది. ఆమె బయటికొచ్చి ఎక్కడో కూర్చున్నట్టుంది.

"ముందు మిషన్ ఆపేశావా?" అంది. "ఆపావా, సరే. ఇప్పుడు పై మూత విప్పు. తొందరేం లేదు. ఒక్కొక్కటీ చెప్తాను."